పల్లేరు కాయా, గాలి టైరూ

మన గట్ల మీద పాకే పల్లేరు గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. దాని కాయ ఎలా పడ్డా ఒక ముల్లు పైకే చూస్తూ ఉంటుంది. కాలికి దిగితే పీకి పారేస్తాం. సైకిల్ టైరుకి దిగితే మాత్రం ఆ పూట పాలు కేంద్రానికి చేరవు, పిల్లాడు బడికి చేరడు. ఈ మొక్క సముద్రాలు దాటి అమెరికా కూడా పోయింది. అక్కడ మేక తల ముల్లు అంటారు. ఐడహో రాష్ట్రంలో బోయిసీ అనే ఊళ్ళో సైకిల్ వాళ్ళు దాని బాధ పడలేక ఊరంతా తిరిగి మొక్కలు పీకుతారు, దాని పేరు మీదే ఓ పండగ కూడా చేసుకుంటారు.

గాలి టైరు రాకముందు ఈ బాధే లేదు. చెక్క చక్రానికి ఇనప పట్టా, ఆ తర్వాత గట్టి రబ్బరు. ముల్లుకి భయం లేదు గానీ ఒళ్ళు హూనం. 1887లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే ఆయన కొడుకు మూడు చక్రాల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టం కట్టాడు. ఆయన ఇంజనీరేం కాదండీ, పశువుల డాక్టరు! అంతకు నలభై ఏళ్ళ ముందే థామ్సన్ అనే ఆయన గాలి టైరుకి పేటెంటు తీసుకున్నాడు, కానీ జనం మర్చిపోయారు. 1889లో విల్లీ హ్యూమ్ అనే కుర్రాడు డన్‌లప్ టైర్లతో పందేలు గెలిచేసరికి అందరూ వాటి వెంట పడ్డారు.

అక్కడే అసలు తంటా మొదలైంది. ఆ టైరుని రిమ్ముకి అంటించేసేవాళ్ళు. పంక్చరైతే మొత్తం ఊడదీయాలి, అతకాలి, మళ్ళీ అంటించాలి. 1889లో ఫ్రాన్స్‌లోని క్లెర్మాన్ ఫెరాన్‌లో మిషెలిన్ అన్నదమ్ముల ఫ్యాక్టరీకి ఇలాంటి బండే ఒకటి వచ్చింది. (ఆ ఫ్యాక్టరీ మొదట్లో వ్యవసాయ పనిముట్లు చేసేదట, చూడండి.) బాగు చెయ్యడానికి గంటలు పట్టింది, జిగురు ఆరడానికి ఓ రాత్రి. పొద్దున్నే తొక్కి చూస్తే కాస్త దూరం పోగానే మళ్ళీ గాలి పోయింది. రెండేళ్ళు కష్టపడి 1891లో విడదీసి తొడుక్కునే టైరు తెచ్చారు. ఆ ఏడే పారిస్ నుంచి బ్రెస్ట్ పోయి తిరిగొచ్చే పందెం, సుమారు 1200 కిలోమీటర్లు. ఆ టైర్లతో తెరాన్ అనే ఆయన మూడు రోజులు నిండకముందే తిరిగొచ్చి గెలిచాడు. మరుసటి ఏడు మిషెలిన్ వాళ్ళు తమ పందెం దారిలో కావాలనే మేకులు చల్లించారు, ఎంత తేలిగ్గా బాగు చేసుకోవచ్చో జనానికి చూపించడానికి! మన పంక్చర్ షాపులో తాత టైరు ఊడదీసి, ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ చూసి ప్యాచ్ వేసి పది నిమిషాల్లో పంపిస్తున్నాడంటే అది అప్పటి పుణ్యమే.

ముల్లు లోపలికి దిగకుండా ఆపడం వేరే కథ. అదంతా మందంతోనే ముడిపడి ఉంది. పందెం వాళ్ళకి బరువు తగ్గాలి కాబట్టి టైరు పల్చన, అందుకే తొందరగా తెగుతుంది. మన పాత 28 అంగుళాల సైకిలుకి అంగుళన్నర టైరు, మూటలు మోసినా తట్టుకునేది. పిల్లలు అడిగే రోడ్ బైకుల్లో కొన్నిటికి 23, 25 మిల్లీమీటర్లవి ఉంటాయి. ఫ్రేములో చోటుంటే 28 గానీ 32 గానీ వేయించండి. కెవ్లార్ పొర ఉన్నది అడగండి. 1965లో స్టెఫనీ క్వాలెక్ అనే ఆవిడ కనిపెట్టిన గట్టి నార అది. ష్వాల్బే వాళ్ళ మారథాన్ ప్లస్‌లో అయితే 5 మిల్లీమీటర్ల రబ్బరు పొర అదనంగా ఉంటుంది. బరువెక్కువ, తొక్కడం కొంచెం భారమే. బడికి పోయే పిల్లాడికి ఆ భారం పర్లేదని నా లెక్క.

ట్యూబు చూస్తే కారణం తెలుస్తుంది. ఒకటే చిల్లు ఉంటే ముల్లు. పక్కపక్కన రెండు చీలికలుంటే గాలి తక్కువుండి రాయికి గుద్దుకుందని. టైరు పక్కన రాసి ఉన్న కొలతకి తగ్గట్టు గాలి కొట్టిస్తే రెండోది చాలావరకు రాదు. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల దూది తిప్పండి, మిగిలిపోయిన ముల్లుకి పట్టుకుంటుంది. వేలితో తడిమితే వేలే తెగుతుంది. చిల్లు ట్యూబుకి లోపలి వైపు, అంటే రిమ్ము వైపు ఉంటే ముల్లుని తిట్టకండి. స్పోకు మొన పొడుచుకొస్తోంది, రిమ్ము టేపు మార్పించండి.