తోట ఎవరిది? – అండమాన్ మహిళా ఖైదీల చరిత్ర చెప్పే పాఠం

అండమాన్ అనగానే మీకు సెల్యులార్ జైలు గుర్తుకొస్తుంది. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడం గురించి పాఠాల్లో చదివే ఉంటారు. అయితే దక్షిణ అండమాన్‌లోని బ్రూక్షాబాద్ వైపు వెళ్ళి, అక్కడి కొబ్బరి, పోక చెట్ల మధ్య నిలబడి ఒక ప్రశ్న వేసుకోండి: ఈ దీవుల్లో శిక్షకూ, సాగుకూ సంబంధం ఏమిటి?

1858 మార్చిలో డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. ఆ తర్వాత ఖైదీలే అడవి నరికారు, నేలను సాగులోకి తెచ్చారు. 20వ శతాబ్దం తొలినాళ్ళ నిబంధనల ప్రకారం, పదేళ్ళు సక్రమంగా గడిపిన పురుష ఖైదీకి ‘సెల్ఫ్ సపోర్టర్’ టికెట్ దొరికేది. అతడు ఊళ్ళో ఉంటూ వ్యవసాయం చేసుకోవచ్చు, పశువులను పెంచుకోవచ్చు. మొదట్లో ఇల్లు, తిండి, పనిముట్ల సాయం కూడా అందేది. దీవులు విడిచి వెళ్ళే స్వేచ్ఛ మాత్రం ఉండేది కాదు.

మరి స్త్రీల సంగతి? వారిని సౌత్ పాయింట్‌లోని మహిళా జైలులో ఉంచేవారు. అయిదేళ్ళు గడిచాక బయటికి రావడానికి రెండే దారులు: వివాహం, లేదా అనుమతితో ఇంటిపని. పెళ్ళి చేసుకోని స్త్రీ ఇరవై ఏళ్ళు ఆ దీవుల్లోనే ఉండాలి. గమనించారా? పురుషుడికి నేల అతని నడవడిని బట్టి దక్కింది. స్త్రీకి భర్త ద్వారానే చేరువైంది. పని ఒకటే, హక్కు వేరు. 1945లో ఈ ఖైదీల వలస రద్దయింది కానీ, అది లేవనెత్తిన ప్రశ్న మిగిలిపోయింది.

ఇప్పుడు విజ్ఞానం వైపు నుంచి చూద్దాం. బెండ విత్తనం నాటితే మొదటి కాయ కోయడానికి సుమారు 45–50 రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ నీరు పెట్టాలి, కలుపు తీయాలి, పురుగును కనిపెట్టాలి. జైలులో రోజుకూ రోజుకూ తేడా తెలియదు. మొక్క ఆ తేడాను చూపిస్తుంది. వంటగది వ్యర్థాలను ఎరువుగా మార్చడం, అంటు కట్టడం, నారు పెంచడం విడుదలయ్యాక బతుకుతెరువు కాగల విద్యలు.

అయితే మొక్కలు పెంచినంత మాత్రాన పునరావాసం పూర్తి కాదు. ఆ శ్రమకు విలువ కూడా దక్కాలి. కఠిన శిక్షలో పనిచేసే ఖైదీలకు న్యాయమైన వేతనం చెల్లించాలని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది. మహిళా ఖైదీలకు వారి అవసరాలకు తగిన కార్యక్రమాలు ఉండాలని ఐక్యరాజ్యసమితి 2010లో ఆమోదించిన బ్యాంకాక్ నియమాలు కోరుతున్నాయి. మన అనంతపురం దగ్గర ఖైదీలు వ్యవసాయం చేసే ఓపెన్ జైలు ఉంది. పుణేలోని యరవాడలో మహిళల కోసం అలాంటిది 2010లో మొదలైంది.

కనుక ఇకపై జైలు తోట గురించి ఎక్కడ చదివినా మూడు ప్రశ్నలు వేయండి. ఆమెకు కూలి ముడుతోందా? నేర్చిన పని బయట అక్కరకొస్తుందా? ఆ అవకాశం ఆమెకు స్వయంగా దక్కిందా, మరొకరి ద్వారానా? మూడో ప్రశ్నను మనకు నేర్పింది అండమాన్ చరిత్రే.