అమ్మ పాత చొక్కా, అమెరికా సైన్యం ఎర్ర బనియన్లు: ఎండని ఆపే బట్ట కథ

ఈ ఎపిసోడ్‌ని నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతా.

మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. మిరప కోతలకి వెళ్లేటప్పుడు మా అమ్మ చీర మీద నాన్న పాత చొక్కా వేసుకుంటుంది. ముదురు నీలం రంగు, మందపాటి బట్ట, ఫుల్ హ్యాండ్స్. మీ ఊళ్లో కూడా చూసే ఉంటారు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఆ చొక్కాలో అమ్మ ఉడికిపోతోందని, రెండు పల్చటి తెల్ల కాటన్ చొక్కాలు కొనిచ్చా. మార్చి ఎండల్లో నాలుగు రోజులు వేసుకుంది. ఐదో రోజు ఫోన్ చేస్తే, "చల్లగనే ఉంది గానీ నాయనా, భుజాలు మండుతున్నయ్. దీంట్లోంచి ఎండ దిగుతోంది" అంది. నేను నవ్వేశా. బట్టలోంచి ఎండ దిగడమేంటి అని. బీటెక్ చదివా కదా మరి!

తర్వాత చదివితే తెలిసింది, అమ్మ చెప్పిందే కరెక్ట్. వేడి వేరు, చర్మాన్ని కాల్చేది వేరు. ఈ రెండిటినీ కలిపేసింది నేనొక్కడినే కాదు. దానికి రెండు వందల ఏళ్ల కథ ఉంది.

1801. జర్మనీలోని యెనా పట్టణం. యోహాన్ రిట్టర్ అనే ఆయన సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసి, వెలుగు తగిలితే నల్లబడే వెండి లవణాన్ని అందులో పెట్టాడు. ఊదా రంగు దాటాక, కంటికి ఏమీ కనిపించని చోట అది ఇంకా త్వరగా నల్లబడింది. మనం ఇప్పుడు యూవీ అంటున్నది దాన్నే.

దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత ఎవరార్డ్ హోమ్ అనే ఇంగ్లిష్ సర్జన్‌కి ఒక డౌట్ వచ్చింది. నలుపు వేడిని లాగుతుంది కదా, మరి ఎండ దేశాల వాళ్లకి నల్లటి చర్మం మేలెలా చేస్తుంది? రెండు చేతులూ ఎండలో పెట్టాడు. ఒకటి ఖాళీగా, ఇంకోదాని మీద నల్ల గుడ్డ కప్పి, రెండిటి దగ్గరా థర్మామీటర్లు పెట్టి. గుడ్డ కింద వేడి ఎక్కువ చూపించింది. కానీ కమిలింది మాత్రం ఖాళీ చెయ్యి! ఇది 1821లో అచ్చయింది. అంటే వేడెక్కిన చెయ్యి బాగానే ఉంది, చల్లగా ఉన్నది కాలింది. మా అమ్మ భుజాల కథ ఇదే అన్నమాట.

అయితే హోమ్‌కి కారణం తెలియదు. 1889లో స్టాక్‌హోమ్‌లో ఎరిక్ విడ్‌మార్క్ అనే కంటి డాక్టర్ ఆర్క్ దీపంతో ప్రయోగాలు చేసి, చర్మాన్ని కమిలించేది వేడి కాదు, యూవీ కిరణాలే అని చూపించాడు.

ఇక్కడితో అయిపోవాలి కదా? అవ్వలేదు. ఈసారి తప్పు రివర్స్‌లో జరిగింది. 1905లో చార్లెస్ వుడ్రఫ్ అనే అమెరికా సైనిక డాక్టర్ ఒక పుస్తకం రాశాడు. ఉష్ణదేశాల్లో తెల్లవాళ్లు నీరసపడి జబ్బుపడటానికి అక్కడి వెలుగే కారణం అని వాదించాడు. మరి ఆ వెలుగుని ఆపేదెలా? ఫోటోలు కడిగే డార్క్ రూమ్‌లో ఎర్ర లైటు ఫిల్మ్‌ని పాడుచెయ్యదు కాబట్టి, ఎర్ర బట్ట మనిషిని కూడా కాపాడుతుందని లెక్క. ఫిలిప్పీన్స్‌లో ఉన్న అమెరికా సైనికులకి నారింజ-ఎరుపు రంగు లోదుస్తులు నిజంగానే ఇచ్చారు! 1910లో జేమ్స్ ఫాలెన్ అనే డాక్టర్ ఫలితం రాశాడు: లాభం లేదు, పైగా ఉక్క ఎక్కువైంది. పైన యూనిఫాం ఉండగా లోపలి బనియన్ రంగుతో పనేముంది చెప్పండి?

నేను ఎండ అంటే వేడి మాత్రమే అనుకున్నా. వాళ్లు వేడి చేసే నష్టాన్ని కూడా వెలుగు మీదకి తోసేశారు.

బట్టలకి సరైన కొలత రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1996లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి యూపీఎఫ్ అనే ప్రమాణం పెట్టాయి. యూపీఎఫ్ 50 అంటే యాభైలో ఒక వంతు యూవీ మాత్రమే లోపలికి వస్తుంది. పల్చటి తెల్ల కాటన్ టీషర్టుకి ఇది మామూలుగా 5 నుంచి 7 దాకా ఉంటుంది. చెమటకి తడిస్తే ఇంకా పడిపోతుంది. పొద్దంతా చేలో ఉండే మనిషికి అది చాలదు.

కాబట్టి కొనేటప్పుడు బట్టని వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. అవతలి వెలుగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే, యూవీకి కూడా అవే దారులు. నేత దగ్గరగా ఉండాలి. ఒకే బట్టలో ముదురు రంగు ఎక్కువ ఆపుతుంది. తెల్లగా బ్లీచ్ చేసిన కాటన్ కన్నా పాలియెస్టర్ యూవీని బాగా పీల్చుకుంటుంది. ఒంటికి సాగి అతుక్కునే బట్టయితే దారాల మధ్య సందులు పెరుగుతాయి.

మరి ముదురు రంగు వేడెక్కదా? బట్ట వేడెక్కుతుంది. కానీ వదులుగా ఉంటే, ఆ వేడి ఒంటిని చేరేలోపే గాలి లాగేస్తుంది. ఎడారిలో బెడూయిన్లు నల్ల అంగీలు ఎందుకు వేసుకుంటారని 1980లో శాస్త్రవేత్తలు కొలిచి చూస్తే తేలింది ఇదే.

ముదురు రంగు, దగ్గర నేత, వదులు, ఫుల్ హ్యాండ్స్. నాన్న పాత చొక్కాలో ఈ నాలుగూ ఉన్నాయి. అమ్మకి ఫోన్ చేసి నువ్వే కరెక్ట్ అని చెప్పా. "నాకెప్పుడో తెలుసు" అంది. నేను కొన్న తెల్ల చొక్కాలు ఇప్పుడు మా వంటింట్లో మసిగుడ్డలు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.