సీమాలింగాలు: కనబడని రేఖకు కనబడే గుర్తులు

వైశేషిక దర్శనంలో దిక్కు నవద్రవ్యాలలో ఒకటి. అది ఏకం, నిత్యం, సర్వవ్యాపి. ఇంద్రియగోచరం మాత్రం కాదు. ఇది దానికి ఇటు ఉన్నది, అది దీనికి దూరంగా ఉన్నది అనే ప్రతీతియే దిక్కుకు లింగమని కణాదుని మతం. ప్రాచి, ప్రతీచి అనే భేదాలు సూర్యసంయోగం చేత ఏర్పడిన ఉపాధులే.

రెండు గ్రామాల మధ్య పొలిమేర తగాదా పుట్టినప్పుడు ఈ సూక్ష్మవిచారమే జీవనోపాధికి సంబంధించిన ప్రశ్న అవుతుంది. పొలిమేర కూడా ప్రత్యక్షం కాదు. కంటికి కనబడేవి చెట్టు, గట్టు, బావి మాత్రమే. వాటి నడుమ సాగే రేఖ బుద్ధిలోనే ఉంటుంది. అందుకే ధర్మశాస్త్రకారులు ఆ గుర్తులను సీమాలింగాలన్నారు. పర్వతం మీది అగ్నిని తెలిపే ధూమాన్ని నైయాయికులు పేర్కొన్నదీ ఈ లింగశబ్దంతోనే. ఈ పదసామ్యం యాదృచ్ఛికమని త్రోసిపుచ్చడం కష్టం.

మనుస్మృతి 8వ అధ్యాయం ఈ విషయంలో విస్మయకరమైన లోకజ్ఞతను చూపుతుంది. ఎల్లల మీద మర్రి, రావి, మోదుగ, బూరుగ, తాటి వంటి వృక్షాలను పెంచాలి. ఎల్లలు కలిసే చోట తటాకాలు, బావులు, దేవాలయాలు నిర్మించాలి. అన్నీ దూరం నుంచే కంటబడేవి, ఒకదాన్ని చూసి మరొకటని భ్రమపడే అవకాశం లేనివి. వివాదాన్ని జ్యేష్ఠమాసంలో తీర్చమనడం మరీ విశేషం: గట్లు అప్పుడే స్పష్టంగా కనబడతాయి. అయినా సీమాజ్ఞానంలో మనుషులు నిత్యం పొరపడుతూనే ఉంటారని గ్రహించి, రాళ్లు, ఎముకలు, ఊక, బూడిద, పెంకులు, బొగ్గులు వంటి చిరకాలం మట్టిలో కలియని వస్తువులను గుప్తంగా పాతిపెట్టమని కూడా విధించారు.

అయితే లింగం ఉన్నంత మాత్రాన జ్ఞానం కలగదు. ధూమానికీ అగ్నికీ గల వ్యాప్తిని ఎరుగనివానికి పొగ పొగగానే కనబడుతుంది. పొలిమేర మర్రి కూడా కొత్తవానికి నీడనిచ్చే చెట్టు మాత్రమే. ఈ లోపాన్ని బృహస్పతి స్మృతి చక్కగా పూరించింది. పెద్దలు ఆ గుర్తులను పిల్లలకు ప్రయత్నపూర్వకంగా చూపించాలి. ఆ పిల్లలు వృద్ధులైనప్పుడు తమ తర్వాతి శిశువులకు చూపించాలి. ఇట్లా పరంపరగా వచ్చిన జ్ఞానంలో సీమాభ్రాంతి పుట్టదు. చెప్పాలని కాదు, చూపించాలని స్మృతి విధించింది. ఎల్లల విషయంలో శబ్దం ఒక్కటే చాలదని దీని భావం.

గుర్తులు నశించి, పొరుగు గ్రామాల సాక్షులూ దొరకనప్పుడు ఎవరిని అడగాలి? మనువు పేర్కొన్నవారు వేటగాళ్లు, పక్షులను పట్టేవారు, గోపాలకులు, జాలరులు, దుంపలు తవ్వేవారు, పాములు పట్టేవారు, పరిగె ఏరుకునేవారు. శాస్త్రాధ్యయనంతో పేరుపొందినవారు ఒక్కరూ ఈ జాబితాలో లేరు. ఆ నేల మీద నిత్యం తిరిగి, దాన్ని కళ్లతో చూసినవారే ఇక్కడ ప్రమాణం.

ఆంధ్రదేశంలో దీనికి నిదర్శనాలు తామ్రశాసనాలలో ఉన్నాయి. 7వ శతాబ్ది నుంచి 11వ శతాబ్ది వరకు వేంగిని పాలించిన తూర్పు చాళుక్యుల దానశాసనాలలో వంశవర్ణన, ప్రశస్తి ప్రౌఢసంస్కృతంలో నడుస్తాయి. దత్తభూమి ఎల్లలు చెప్పవలసిన చోట తూర్పుతో మొదలుపెట్టి ప్రదక్షిణక్రమంలో ఒక్కొక్క దిక్కునూ పేర్కొంటారు. దిక్కుల పేర్లు సంస్కృతమే. గుర్తుల పేర్లు మాత్రం తరచు తెలుగు. చెరువు, పుట్ట, గుంట, చెట్టు స్థానికులు పిలిచే పేర్లతోనే రాగిరేకు మీదికి ఎక్కాయి. వాటిని అనువదిస్తే అర్థం మిగిలేది గాని, ఆ చెట్టు ఏదో తెలిసేది కాదు. ఆ పేర్ల కోసం శాసనకర్త ఆ ఊరి పశులకాపరిని అడగవలసి వచ్చింది కాబోలు.