ఉత్తరం అందుకునే నేస్తం

ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'ని తెలుగులో మొదటి యాత్రాగ్రంథాల్లో ఒకటిగా చదువుకున్నాం, పాఠం చెప్పాం. అందులో దేశచరిత్ర వెతికారు, భాషాచరిత్ర వెతికారు. అది ఇద్దరు మగవాళ్ల స్నేహంలోంచి పుట్టిన పుస్తకమన్న సంగతి మాత్రం పీఠికల్లో ఒక వాక్యంతో సరిపెట్టేస్తారు. నాకు ఆ వాక్యం దగ్గరే ఆగాలనిపిస్తుంది.

వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న దాదాపు వందమందితో బయల్దేరి, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, కోస్తా వెంట 1831 సెప్టెంబర్ 3న మద్రాసు తిరిగొచ్చాడు. పదిహేను నెలల పైమాటే. దేశంలో రైలన్నది ఇంకా లేదు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో గాని పూర్తికాలేదు. గౌతమికీ వసిష్ఠకీ నడుమ ఉన్న మా కోనసీమ దాటాలంటే ఆ రోజుల్లో పడవే గతి. అడవులు, ఏరులు, జ్వరాలు దాటుకుంటూ పోయే ఆ ప్రయాణం పుణ్యం కోసం చేసినదే అయినా సాహసమే.

దారి పొడవునా ఆయన చూసినవన్నీ రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపుతూ వచ్చాడు. ఏ ఊళ్లో మంచినీళ్లు దొరుకుతాయి, ఏ నాణెం చెల్లుతుంది, మజిలీకి ఎక్కడ నీడ ఉంది. పండితులకి రాస్తే గ్రాంథికంలో రాసేవాడేమో! నేస్తానికి రాశాడు కనక మాట్లాడే తెలుగు వచ్చింది. ఉర్దూ, అరవం, ఇంగ్లీషు మాటలు నోటికొచ్చినట్టే కాగితం మీదకొచ్చాయి. గిడుగు రామమూర్తి వ్యావహారికోద్యమానికి ముప్పాతిక శతాబ్దం ముందు మన వచనానికి ఈ చనువు వచ్చిందంటే, అవతల ఉత్తరం విప్పి చదివే మనిషి ఒకడు ఉండటం వల్లనే.

1836లో వీరాస్వామయ్య పోయాడు. 1838లో పిళ్లె ఆ రాతల్ని, మిత్రుడి జీవితచరిత్రతో కలిపి అచ్చువేయించాడు. ఉద్యోగం, సంసారం, నడివయసు, చివరికి చావు కూడా ఆ స్నేహాన్ని తెంచలేకపోయాయి. 1941లో దిగవల్లి వేంకటశివరావు మళ్లీ అచ్చువేయబట్టి మన తరాలకి అందింది. ఒక మగవాడి ప్రయాణాన్ని మరికొందరు మగవాళ్లు నూరేళ్లకు పైగా భద్రంగా చేతులు మార్చుకుంటూ వచ్చారు.

ఆ బిడారంలో ఆడవాళ్లూ ఉన్నారు. అవే అడవులు దాటారు, అవే ఏరులు దాటారు. వాళ్లలో ఎవరూ ఏ నేస్తానికీ ఉత్తరం రాసినట్టు మనకి ఆధారం లేదు. పల్లకీ మోసిన బోయీల మాటా అంతే. వాళ్లకి చెప్పుకోవడానికేమీ లేదనగలమా? చదువు అందకపోవడం ఒక కారణం. ఉత్తరం అందుకునే నేస్తం మిగలకపోవడం రెండోది. ఈ రెండో కారణం గురించి మనం తక్కువగా మాట్లాడుకున్నాం.

మా బండారులంక నేత ఊరు. మగ్గం గుంటలో కూర్చున్న మగవాడి పేరున నేత, పక్కన కండెలు చుట్టే ఆడదాని పేరున సాయం. మా తాతయ్య తన ఈడువాళ్లతో కాశీకి వెళ్లొచ్చాడు. పెళ్లిళ్లై, పిల్లలు పుట్టి, జుట్టు నెరిసినా ఆ జట్టు అలాగే ఉంది. అరుగు మీద ఆ కబుర్లూ అలాగే నడిచాయి. మా అమ్మమ్మని చిన్ననాటి నేస్తాల గురించి అడిగితే ఊళ్ల పేర్లు చెప్పేది: ఒకామె రాజోలు, ఒకామె కొత్తపేట, ఒకామె పాలకొల్లు. మనుషులు అత్తవారి ఊళ్లైపోయారు. మగవాడికి పెళ్లి స్నేహంలో ఒక మలుపు. ఆడదానికి చాలాసార్లు అది స్నేహానికి చివరి రేవు.

ఆ రేవు దాటినవాళ్లు లేకపోలేదు. భండారు అచ్చమాంబ 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీల సమాజం పెట్టింది. తర్వాత ఊరూరా తిరిగి సమాజాలు పెట్టించింది. 1905లో, ముప్పై ఏళ్లకే పోయింది. ఆమె తీర్థాల కోసం తిరగలేదు, ఆడవాళ్లని ఆడవాళ్లతో కలపడానికి తిరిగింది. పెళ్లి విడదీసిన స్నేహాలకి బదులు కొత్తవి కట్టుకునే చోటు చూపించిన యాత్ర అది. మన యాత్రాసాహిత్య చరిత్రల్లో దీనికీ ఒక అధ్యాయం ఉండాలి కదా!

వీరాస్వామయ్యని తక్కువ చేయడానికి ఇదంతా రాయడం లేదు. ఆయన పుస్తకం నాకిష్టం. కానీ దాన్ని ఒంటరి ప్రతిభగా కాక, ఒక స్నేహం ఇచ్చిన వీలుగా చదవాలంటాను. అప్పుడు స్త్రీలు యాత్రలు ఎందుకు రాయలేదన్న పాత ప్రశ్న పక్కన ఇంకొకటి వచ్చి చేరుతుంది: వాళ్లు రాస్తే దాచి, అచ్చువేయించే శ్రీనివాస పిళ్లె ఎవరు? మన ఇళ్లలో పెట్టెల అడుగున పడి ఉన్న ఉత్తరాలు, పద్దుల పుస్తకాల వెనక రాసుకున్న ప్రయాణాలు ఇప్పటికైనా వెతకాలి. ఆ పని చేయాల్సిన నేస్తాలం మనమే.