స్థిరం నుండి చలనానికి: అనీసుర్ రహమాన్ పరిశోధనా జీవితం – చర్యాశీల పదార్థాల అనుకరణ

వ్యాససంగ్రహం:
హైదరాబాదులో జన్మించిన అనీసుర్ రహమాన్ (1927–1987) పదార్థ ప్రవర్తనను కంప్యూటరు ద్వారా అనుకరించే అణుగతిక పద్ధతికి ఆద్యులలో ఒకరు. ఆయన ప్రధాన పరిశోధనలను కాలక్రమంలో పరిశీలిస్తే ఈ రంగం యంత్రవేగం వల్ల మాత్రమే ఎదగలేదని తెలుస్తుంది. ఒక దశలో స్థిరమని భావించినదాన్ని తరువాతి దశలో చలింపజేయడమే దాని వికాసక్రమమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అనుకరణ, అణుగతిక పద్ధతి, ఆర్గాన్, బంధక్రమం, చర్యాశీల పదార్థాలు.

1. ఉపోద్ఘాతం

'అనుకరణ' అనే మాట సాహిత్య విద్యార్థికి కొత్తది కాదు. భరతుని రససూత్రాన్ని వ్యాఖ్యానించిన శ్రీశంకుకుడు, నటుని అనుకరణ ద్వారా సామాజికుడు స్థాయిభావాన్ని అనుమితి చేసుకొంటాడని చెప్పి, అందుకు చిత్రతురగాన్ని దృష్టాంతంగా చూపాడు. చిత్రంలోని గుర్రాన్ని చూసి 'ఇది గుర్రం' అంటాం. అది ప్రాణమున్న గుర్రమని భ్రమపడం, అబద్ధమని తోసిపుచ్చం. విజ్ఞానశాస్త్రంలోని సిమ్యులేషన్‌ను కూడా తెలుగులో అనుకరణ అనే వ్యవహరిస్తున్నాం. అక్కడా ఇటువంటి ప్రశ్నే ఎదురవుతుంది. కంప్యూటరులో అంకెలుగా మాత్రమే ఉన్న పరమాణువులను కదిలించి పొందిన ఫలితం జ్ఞానమెలా అవుతుంది? రహమాన్ పరిశోధనా జీవితం ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన ఆధారం.

2. ఆర్గాన్: బంధమెరుగని పరమాణువు

రహమాన్ కేంబ్రిడ్జిలో గణిత, భౌతికశాస్త్రాలు చదివి, బెల్జియంలోని లువెన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. 1960లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో చేరారు. ఆ సంస్థ పేరూ ఆయన ఎంచుకొన్న వాయువు పేరూ తెలుగులో ఒకేలా వినిపించినా రెంటికీ సంబంధం లేదు.

అంతకుముందే, 1957లో ఆల్డర్, వైన్‌రైట్ గట్టి గోళాల చలనాన్ని కంప్యూటరుపై గణించారు. వారి నమూనాలో గోళాలు ఢీకొన్నప్పుడు మాత్రమే ఒకదానిపై ఒకటి ప్రభావం చూపుతాయి. నిజమైన ద్రవంలో పరమాణువులు దూరాన్ని బట్టి నిరంతరం ఆకర్షించుకొంటూ, మరీ దగ్గరైనప్పుడు వికర్షించుకొంటూ ఉంటాయి. 1964లో ప్రచురించిన వ్యాసంలో రహమాన్ ఈ నిరంతర బలాన్ని లెనార్డ్-జోన్స్ పొటెన్షియల్ ద్వారా ప్రవేశపెట్టి, 864 ఆర్గాన్ పరమాణువుల చలనాన్ని 94.4 కెల్విన్ ఉష్ణోగ్రత వద్ద అనుకరించారు. పద్ధతి సూత్రప్రాయంగా సరళమైనది. ప్రతి పరమాణువుపై పనిచేసే బలాన్ని లెక్కించి, న్యూటన్ నియమం ప్రకారం దానిని అత్యల్పకాలం ముందుకు జరిపి, మళ్లీ బలాన్ని లెక్కించాలి. ఇందులో ఒక్కొక్క అడుగు సెకనులో వంద లక్షల కోట్లవ వంతు. ఇలా లభించిన స్వీయవ్యాపన గుణకం ప్రయోగశాలలో కొలిచిన విలువకు దగ్గరగా వచ్చింది.

ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటుంది. ఆర్గాన్ జడవాయువు, సాధారణ పరిస్థితులలో అది ఇతర పదార్థాలతో రసాయనిక చర్య జరపదు. బంధాల ఏర్పాటు, విచ్ఛేదం అనే సమస్యే లేనందువల్ల దాని అనుకరణ ఆనాడు సాధ్యమైంది. చర్యాశీల పదార్థాల అనుకరణ చరిత్ర ఈ విధంగా చర్య జరపని పదార్థంతో మొదలైంది.

3. నీరు, అయాను, స్ఫటికం

1971లో రహమాన్, ఫ్రాంక్ స్టిల్లింజర్ కలిసి 216 నీటి అణువులను అనుకరించారు. ఇందులో అణువులు కదులుతాయి, తిరుగుతాయి. కాని ప్రతి అణువులోని బంధాల పొడవు, వాటి మధ్య కోణం మారవు. 1975లో లెంబర్గ్‌తో కలిసి వారు పరిశీలించిన మరొక నమూనాలో హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు వేర్వేరుగా కదులుతూ, పరస్పర బలాల వల్లనే నీటి అణువుగా నిలిచి ఉంటాయి. అణువు ముందుగా ఇచ్చిన ఆకారం కాక, బలాల ఫలితమైంది. సూత్రరీత్యా అది విడిపోయే అవకాశం కూడా ఏర్పడింది.

1976లో ఆయన కాల్షియం ఫ్లోరైడును అధ్యయనం చేశారు. అధిక ఉష్ణోగ్రతలో ఈ ఘనపదార్థంలోని కాల్షియం అయాన్లు తమ స్థానాలలో కంపిస్తూ ఉండగా ఫ్లోరైడ్ అయాన్లు ఒక స్థానం నుండి మరొక స్థానానికి ప్రయాణిస్తాయి.

అప్పటి వరకు పరమాణువులను ఉంచిన ఊహాత్మక పెట్టె ఆకారం మాత్రం మారేది కాదు. అందువల్ల ఒక స్ఫటికం మరొక స్ఫటికరూపంలోకి మారడాన్ని చూడడం కష్టమయ్యేది. 1980, 1981లలో మికేలే పరినెల్లో, రహమాన్ ఆ పెట్టె అంచులకు కూడా చలన సమీకరణాలు కల్పించారు. పీడనానికి లోనైన స్ఫటికం తన ఆకారాన్ని తానే మార్చుకోగలిగింది.

4. బంధం తెగే దశ

రసాయనిక చర్యకు మూలం ఎలక్ట్రాన్లు. 1985లో రాబర్టో కార్, పరినెల్లో ఎలక్ట్రాన్ల తరంగ ప్రమేయాలకు కల్పిత ద్రవ్యరాశినిచ్చి, వాటిని పరమాణువులతోపాటు చలింపజేసే పద్ధతిని రూపొందించారు. స్థిరంగా ఉన్నదాన్ని చలరాశిగా మార్చే యుక్తి పెట్టె అంచుల విషయంలో కనిపించినదే. అదే సంవత్సరం రహమాన్ మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి మారారు, 1987లో మరణించారు.

ఎలక్ట్రాన్లను గణించడం వ్యయభరితం కనుక పెద్ద వ్యవస్థలకు వేరొక మార్గం అవసరమైంది. టెర్సాఫ్, బ్రెన్నర్ వంటివారు 1980ల నుండి బంధక్రమం అనే భావనపై ఆధారపడిన పొటెన్షియల్స్‌ను నిర్మించారు. 2001లో ఏడ్రి వాన్ డ్యూయిన్, సిద్ధార్థ్ దాస్‌గుప్తా, ఫ్రాన్స్వా లోరాన్, విలియం గొడార్డ్ హైడ్రోకార్బన్ల కోసం ప్రకటించిన 'రియాక్స్ఎఫ్ఎఫ్' ఈ మార్గంలో ముఖ్యమైన మలుపు. ఇందులో ఏ పరమాణువుకు ఏది బంధువో ముందుగా నిర్ణయించరు. ప్రతి అడుగులోనూ దూరాలను బట్టి బంధక్రమాన్ని తిరిగి లెక్కిస్తారు. దూరం పెరిగేకొద్దీ బంధం క్రమంగా క్షీణించి శూన్యమవుతుంది. 2003లో ఆర్‌డీఎక్స్ పేలుడు పదార్థంలో అఘాత తరంగం కలిగించే తొలి రసాయనిక చర్యలను ఈ పద్ధతిలో అనుకరించారు.

5. అనుకరణ – ప్రామాణ్యం

చర్య జరపగలిగినంత మాత్రాన నమూనా సర్వస్వతంత్రం కాదు. రియాక్స్ఎఫ్ఎఫ్‌లోని పరామితులను క్వాంటం గణనలతో సరిపోల్చి నిర్ణయిస్తారు. ఆ శిక్షణలో లేని చర్య ఎదురైతే ఫలితాన్ని యథాతథంగా స్వీకరించలేం. రహమాన్ 1964 వ్యాసానికి విలువ తెచ్చినది పరమాణువుల సంఖ్య మాత్రమే కాదు, లెక్కించినదాన్ని కొలతతో పోల్చడం. ధూమాన్ని చూసి వహ్నిని ఊహించేవాడికి వ్యాప్తి తెలిసి ఉండాలి. అనుకరణను చూసి పదార్థాన్ని ఊహించేవాడికి నమూనా పరిధి తెలిసి ఉండాలి.

6. ముగింపు

ఆర్గాన్‌లో బంధం లేదు. నీటిలో బంధం మారలేదు. తరువాత అణువు సడలింది, పెట్టె కదిలింది, చివరకు బంధమే తెగి మళ్లీ ఏర్పడింది. వీటిలో చివరిదొక్కటే రహమాన్ జీవితకాలపు కృషికి ఆవలిది. గణన భౌతికశాస్త్రంలో అమెరికన్ ఫిజికల్ సొసైటీ ఇచ్చే పురస్కారం నేడు ఆయన పేర ఉంది. ఆయన హైదరాబాదులో పుట్టారని గర్వించడం సహజమే. అయితే జన్మస్థలాన్ని చెప్పి ఊరుకొంటే ఆయన కృషి మనకు అందదు. ఏ అనుకరణ ఫలితాన్ని చదివినా అందులో ఏది చలిస్తోంది, దేనిని స్థిరంగా ఉంచారు అని అడగడం ఆయన వ్యాసాల నుండి గ్రహించవలసిన పద్ధతి. విజ్ఞానశాస్త్ర చరిత్రను తెలుగులో రాసేవారికి ఇది అత్యవసరమైన ప్రశ్న.