డాల్డా డబ్బా, శెనక్కాయ చేను

కనుమరుగైన సరుకుల పేర్లు తలుచుకుని మురిసిపోవడం ఈ మధ్య బాగా పెరిగింది. హైదరాబాద్ వాళ్ళు ఆల్విన్ ఫ్రిజ్‌నీ ఆల్విన్ వాచీనీ తలుచుకుంటారు. 1942లో నిజాం ఏలుబడిలో పుట్టిన ఆ కంపెనీ 1990ల నడిమికల్లా ముక్కలైపోయింది. బెంగళూరుకు దగ్గరున్న అనంతపురం వాళ్ళకు హెచ్ఎంటీ వాచీ అంటే ఎక్కువ మమకారం. 1961లో జపాన్ సిటిజెన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలైన ఆ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. గోల్డ్ స్పాట్‌ను 1993లో కోకాకోలా కొనుక్కుని, తర్వాత అటకెక్కించింది. ఈ మూడింటిదీ ఒకటే కథ. ఎక్కడో తయారై మన అంగళ్ళకు వచ్చాయి, కొన్నాళ్ళకు రావడం మానేశాయి. డాల్డాతో అనంతపురానికున్న లెక్క వేరు. ఆ డబ్బాలో ఉన్నది చాలాకాలం ప్రధానంగా శెనక్కాయ నూనె. ఈ జిల్లా బతికింది ఆ శెనక్కాయ మీదే.

డాల్డాకు ముందు ఇక్కడ నూనెకు పేరు ఉండేది కాదు. పేరున్నది గానుగ ఆడించే మనిషికే. నువ్వులో కుసుమలో తీసుకుపోయి గాండ్లవాళ్ళ గానుగలో పోయిస్తే నూనె ఇంటికి, చెక్క ఎద్దులకు. దీపానికి ఆముదం. శెనక్కాయ వచ్చింది తర్వాత. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ పంట 19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీలో విస్తరించడానికి కారణం మన నాలుక కాదు, ఫ్రాన్సులోని మార్సే రేవు. అక్కడి నూనె మిల్లులకూ సబ్బు ఫ్యాక్టరీలకూ పాండిచ్చేరి మీదుగా కాయలు ఓడలెక్కేవి. రైలు వచ్చాక రాయలసీమలోని ఎర్రనేలలు కూడా ఆ బజారుకు చేరువయ్యాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎప్పుడు పడుతుందో తెలియని చోట, నాలుగు నెలల్లో చేతికొచ్చి మనిషికి కాయ, గొడ్డుకు కట్టె మిగిల్చే పైరు ఇంకేముంది? 1940లో తిండివనం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన టీఎంవీ-2 రకాన్ని అనంతపురం రైతు దశాబ్దాల పాటు వదల్లేదు. కొత్త రకాలు ఎన్నొచ్చినా బెట్టకు తట్టుకునేది అదేనన్నది ఆయన నమ్మకం.

డాల్డా బజారులోకి వచ్చింది 1937లో. లీవర్ కంపెనీ సరుకు. శెనక్కాయ నూనెలోకి నికెల్ సాయంతో హైడ్రోజన్ పంపితే అది గడ్డకట్టి నెయ్యిలా పూసపూసగా కనిపిస్తుంది. అసలు వ్యాపారమంతా ఆ కనిపించడంలోనే ఉంది. పసుపుపచ్చ డబ్బా మీద పచ్చని తాటిజాతి చెట్టు బొమ్మ వేసి, లింటాస్ ప్రకటనల సంస్థ దేశమంతా దండోరా వేసింది. చదువు రానివాళ్ళు బొమ్మ చూసి కొన్నారు.

అంత సులువుగా జనం ఒప్పుకున్నారనుకుంటే పొరపాటు. గాంధీజీ ఈ గడ్డకట్టించిన నూనెను, అంటే వనస్పతిని, గట్టిగా వ్యతిరేకించారు. నెయ్యిలో కల్తీకి ఇంతకన్నా అనువైన సరుకు లేదని దేశమంతా గగ్గోలు. వనస్పతి తయారీనే నిషేధించాలంటూ 1950లో ఠాకూర్ దాస్ భార్గవ పార్లమెంటులో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. నెయ్యితో కలిస్తే పట్టుబడేలా వనస్పతికి రంగు వేయాలన్నారు. తగిన రంగు దొరకలేదు. చివరికి మిగిలిన ఉపాయం నువ్వుల నూనె. వనస్పతిలో నూటికి 5 పాళ్ళు నువ్వుల నూనె కలిపి తీరాలన్న నియమం వచ్చింది. నువ్వుల నూనె ఉంటే ఒక పరీక్షలో ఎర్రరంగు తేలుతుంది, నెయ్యిలో డాల్డా కలిపిన వర్తకుడు దొరికిపోతాడు. ఇవాళ డాల్డాను అమ్మ చేతివంటతో ముడిపెట్టి తలుచుకునేవాళ్ళు దీన్ని మరిచిపోతున్నారు. దాని కాలంలో దానికి ఇంత గౌరవం లేదు. డాల్డా అంటే దొంగనెయ్యి అనే చాలామంది లెక్క.

మా పక్క జిల్లా కర్నూలులో ఈ తగువు ఇంకో దారి పట్టి సుప్రీంకోర్టు దాకా పోయింది. అక్కడి తుంగభద్రా ఇండస్ట్రీస్ శెనక్కాయలు కొని, నూనె తీసి, శుద్ధి చేసి, వనస్పతిగా కూడా మార్చి అమ్మేది. శెనక్కాయ నూనె అమ్మేవాళ్ళకు, కాయలు కొన్న ధర మేరకు అమ్మకపు పన్నులో మినహాయింపు ఉంది. గడ్డకట్టిన తర్వాత అది శెనక్కాయ నూనె ఎలా అవుతుందని పన్నుల శాఖ అడ్డం తిరిగింది. 1960 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది: హైడ్రోజన్ కలిసినా, గడ్డకట్టినా, అది శెనక్కాయ నూనే. వంటింట్లో నకిలీ అనిపించుకున్న సరుకు న్యాయస్థానంలో అసలుదయింది. ఆ తీర్పును పన్నుల న్యాయవాదులు ఇప్పటికీ ఉదహరిస్తారు. సీమ వాళ్ళకే పెద్దగా తెలియదు.

ఇక డబ్బా సంగతి. అనంతపురం పల్లెల్లో డాల్డా రోజూ వాడినవాళ్ళు తక్కువ. సంగటికీ ఊరిబిండికీ దాంతో పనిలేదు. పెళ్ళి వంటల్లో, హోటళ్ళలో, మిఠాయి అంగళ్ళలో, పండగ పూట ఓళిగల మీద అది కనిపించేది. కానీ డబ్బా మాత్రం కొనని ఇంటికి కూడా చేరింది. మూత గట్టిది, రేకు మందం, తుప్పు తొందరగా పట్టదు. చిన్న డబ్బాలో పప్పూ ఉప్పూ చింతపండూ పోసుకున్నారు. కొంచెం పెద్దది గింజలు కొలిచే మానిక అయింది. కోళ్ళకు నీళ్ళు పెట్టారు, అడుగు చిల్లిపడితే మట్టి పోసి తులసి నాటారు. పదిహేను కిలోల పెద్ద డబ్బాకు పైన కర్ర అడ్డం కొట్టి పట్టుకుంటే నీళ్ళ డబ్బా. కరువు ఊళ్ళో నీళ్ళు మోయడానికి అంతకన్నా చవకైన పాత్ర లేదు. కావడికి రెండు వైపులా రెండు డబ్బాలు కట్టుకుని హోటళ్ళకు నీళ్ళు పోసి బతికినవాళ్ళున్నారు. ఈ ప్రాంతం వాళ్ళ జ్ఞాపకాల్లో డాల్డా రుచి కంటే డబ్బా ఎక్కువగా నిలవడానికి కారణం ఇదే. ఆ ముచ్చట్లు వింటే నాకు తోచేది ఒకటి: తలుచుకుంటున్నది కంపెనీని కాదు, ఒక వస్తువును పూర్తిగా అరిగేదాకా వాడుకున్న కాలాన్ని.

డబ్బా మీద బొమ్మ మారకుండానే లోపలి సరుకు మారిపోయింది. 1970ల తర్వాత వనస్పతి ఫ్యాక్టరీలకు విదేశీ నూనెల కేటాయింపు పెరిగింది, శెనక్కాయ నూనె తగ్గింది. ఒకప్పుడు అలంకారంగా వేసిన తాటిజాతి చెట్టు బొమ్మ, పామాయిల్ వచ్చాక నిజమైంది. ఈ సంగతి వంటవాళ్ళకు తెలియలేదు, రైతుకు చెప్పినవాళ్ళు లేరు.

అయినా జిల్లాలో శెనక్కాయ పెరుగుతూనే పోయింది, ఎందుకంటే నూనెకు ధర ఉంది. 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ వచ్చింది. 1988లో జాతీయ పాడి అభివృద్ధి మండలి ధారా నూనెను తెచ్చింది. మన రాష్ట్రంలో ఆయిల్‌ఫెడ్ వారి విజయ ప్యాకెట్లు కనిపించాయి. 1990ల తొలినాళ్ళలో వంటనూనెల విషయంలో దేశం దాదాపు తన కాళ్ళ మీద నిలబడింది. అనంతపురంలో 7 లక్షల హెక్టార్ల పైమాటే శెనక్కాయ. జొన్నలూ కొర్రలూ పండే చేలు కూడా దానికే ఇచ్చేశారు. అంతా ఒకే పంట మీద పెట్టడం తప్పేనని నా అభిప్రాయం. అయితే ఆ తప్పు రైతు ఒక్కడిదే కాదు. అప్పు ఇచ్చిన బ్యాంకూ, బీమా చేసిన ప్రభుత్వమూ ఆ పంటవైపే నెట్టాయి.

1994లో పామోలిన్, మరుసటేడు మిగతా వంటనూనెల దిగుమతికి తలుపులు తీశారు. 1998కల్లా సుంకం 15 శాతానికి దిగింది. అప్పటికే రేషన్ షాపులో అలవాటైన పామోలిన్ ఇప్పుడు కిరాణా అంగట్లో కూడా శెనక్కాయ నూనె కంటే బాగా చవకగా దొరికింది. ఆ పోటీకి నిలవలేక కాయలు కొట్టే మిల్లులూ నూనె మిల్లులూ ఒక్కొక్కటే తాళం వేసుకున్నాయి. 2000 ఖరీఫ్‌లో కాండం కుళ్ళు వైరస్ ఒక్క ఈ జిల్లాలోనే 2 లక్షల హెక్టార్లకు పైగా పైరును తినేసింది. తర్వాత కరువులు. తర్వాత కంది, ఆముదం, బత్తాయి, దానిమ్మ.

డాల్డా కథ కూడా ఆ రోజుల్లోనే చల్లబడింది. 2003లో హిందుస్థాన్ లీవర్ ఆ పేరును బంజీ కంపెనీకి అమ్మేసింది. అంటే పేరు చచ్చిపోలేదు, చేతులు మారింది. పోయింది రేకు డబ్బా. గడ్డకట్టించిన నూనెలోని ట్రాన్స్ కొవ్వులు గుండెకు చేటని వైద్యులు తేల్చాక, ఆహార ప్రమాణాల సంస్థ 2022 జనవరి నుంచి వాటిని 2 శాతానికి పరిమితం చేసింది. కాబట్టి డాల్డా తిరిగి రావాలని కోరుకోవలసిన పనిలేదు. ఆ నూనె పోయినందుకు మనకు నష్టమేమీ లేదు.

నష్టమంతా మిల్లులది, వాటిని నమ్ముకున్న హమాలీలది, కాయలు వలిచిన ఆడకూలీలది. వాళ్ళ గురించి మురిపెంగా రాసేవాళ్ళు లేరు, ఎందుకంటే వాళ్ళ పనికి లేబుల్ లేదు.

ఇప్పుడు కట్టెగానుగ నూనె కొత్త ఫ్యాషన్. ఒకప్పుడు మూలపడ్డ గానుగ నూనెనే గాజు సీసాలో పోసి, ఎద్దు బొమ్మ వేసి, మామూలు నూనెకు రెండింతల ధరకు అమ్ముతున్నారు. కొనండి, తప్పులేదు. కానీ కొనేముందు ఒక్కమాట అడగండి: ఈ శెనక్కాయలు ఎక్కడివి? దేశంలో ఎక్కువ శెనక్కాయ పండేది గుజరాత్‌లో, సరుకు అక్కడినుంచి వచ్చినా ఆశ్చర్యం లేదు. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో ఇంకా వానను నమ్మి శెనక్కాయ వేస్తున్న రైతు దగ్గర కాయలు కొన్న గానుగ ఏదో కనుక్కుని, ఆ నూనె కొనండి.