పొగ లేచిన చోటే ఊరు

1878 వసంతకాలం. అమెరికాలోని కేన్సస్ రాష్ట్రం, ఎల్లిస్ రైల్వేస్టేషన్. కెంటకీ రాష్ట్రంలోని జార్జిటౌన్ వైపు నుంచి నల్లజాతి కుటుంబాలు మూటాముల్లెలతో అక్కడ దిగాయి. ఉత్తరాన యాభై కిలోమీటర్లకు పైగా పోతే నికోడెమస్. తమవాళ్లు తమకోసం కట్టుకున్న ఊరు. ఆ ఒక్క మాట పట్టుకుని వచ్చారంతా.

స్టేషన్ దాటకముందే పిల్లలకు తట్టు పోసింది. కొందరు పిల్లలు దక్కలేదు. ముక్కూమొహం తెలియని నేలలో బిడ్డల్ని పూడ్చిపెట్టి, మిగిలినవాళ్లను బండ్లెక్కించారు తల్లులు. ఆ గుంపులో విలియానా హిక్‌మన్ ఉంది. పాస్టర్ డేనియల్ హిక్‌మన్ భార్య. ఆమెకూ ఒంట్లో బాగోలేదు.

రెండు రోజుల ప్రయాణం. బాటంటూ లేదు. దిక్సూచి ఎటు చూపితే అటు బండి. కనుచూపు మేర గడ్డే, చెట్టన్నది లేదు. రాత్రిళ్లు అడవి జంతువులు దగ్గరికి రాకుండా నెగళ్లు వేసుకున్నారు. రెండో రోజు ముందు బండ్లవాళ్లు అదిగో ఊరని కేకేశారు. నీరసంగా పడివున్న విలియానా ప్రాణం లేచొచ్చింది. కళ్లు చికిలించి చూసింది. ఇళ్లు లేవు. ఊరేదని భర్తనడిగింది. ఆయన వేలితో చూపించాడు. అక్కడక్కడా నేలలోంచి పొగ లేస్తోంది. అదే నికోడెమస్.

మనుషులు నేలను తొలిచి, ఆ గుంతల్లో కాపురం ఉంటున్నారు. విలియానా ఏడ్చేసింది.

ఐదు డాలర్ల ఆశ

బానిసత్వం పోయి అప్పటికి పదమూడేళ్లు. దక్షిణాది రాష్ట్రాల్లో చేతికి స్వేచ్ఛ వచ్చిందిగాని, కాలికింద సొంత నేల రాలేదు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద పడమట 160 ఎకరాలు తీసుకుని, ఐదేళ్లు సాగుచేస్తే భూమి సొంతమవుతుంది. 1877లో డబ్ల్యూ.ఆర్. హిల్ అనే తెల్లజాతి వ్యాపారి, డబ్ల్యూ.హెచ్. స్మిత్ అనే నల్లజాతి పాస్టరు మరికొందరితో కలిసి నికోడెమస్‌కు పునాది వేశారు. సెప్టెంబర్ 5న బయల్దేరేవాళ్లు ఐదు డాలర్లు కడితే చాలంటూ కెంటకీలో కరపత్రాలు పంచారు. ఆ నెలలో సుమారు మూడు వందల మంది వచ్చారు. కళ్లెదుట ఊరు కనబడక కొన్ని కుటుంబాలు వెంటనే వెనుదిరిగాయి.

ఉండిపోయినవాళ్లకు నాగళ్లు లేవు, గుర్రాలు అంతంతమాత్రం. పలుగూపారలతోనే బీడు తవ్వారు. పొయ్యిలోకి పొద్దుతిరుగుడు మోళ్లు, ఎండిన పేడ. తొలి చలికాలం తిండి కరువైంది. వేట నుంచి తిరిగివెళ్తున్న ఓసేజ్ తెగవాళ్లు తమ మాంసంలో వాటా పెట్టి కాపాడారని ఆ ఊరి పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటారు. నేల పోగొట్టుకుంటున్నవాళ్లు నేల వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు అన్నం పెట్టారు. ఈ కథలో నన్ను నిలబెట్టేసే చోటు ఇదే.

రైలు రాని ఊరు

పదేళ్లలో గుంతలు పోయి రాతి ఇళ్లు, చర్చిలు, బడి, హోటలు, పత్రికలు వచ్చాయి. ఇక రైలొక్కటే తక్కువ. 1888లో యూనియన్ పసిఫిక్ రైల్వేవాళ్లు ఈ ఊరిని తప్పించి, సోలమన్ నదికి దక్షిణంగా పట్టాలు వేసుకుపోయారు. అంగళ్లు ఆ దారిలోని స్టేషన్ దగ్గరికి, బోగ్ అనే ఊరికి తరలిపోయాయి. ఆ తర్వాత 1930ల కరువు, దుమ్ముతుపాన్లు. పిల్లలు డెన్వర్‌కో కాలిఫోర్నియాకో వలసపోయారు.

ఊరు చెదిరినా ఒక పండగ నిలిచింది. బ్రిటిష్ వెస్టిండీస్‌లో 1834 ఆగస్టు 1న బానిసత్వ రద్దు చట్టం అమల్లోకి వచ్చిన రోజును ఊరి బయట స్క్రగ్స్ తోపులో ఏటా జరుపుకునేవారు. విందులు, బేస్‌బాల్, ఉపన్యాసాలు. ఆ పండగే ఇప్పుడు జూలై చివరి వారాంతంలో ‘హోమ్‌కమింగ్’. మామూలు రోజుల్లో పట్టుమని కొద్దిమందే ఉండే నికోడెమస్‌లో అప్పుడు వందలమంది. తాతలు ఏ బండిలో వచ్చారో, ఎక్కడ గుంత తవ్వారో మనవలకు చూపిస్తారు. ఒకే ముత్తవ్వకు పుట్టిన శాఖలు అక్కడే ఒకరినొకరు పలకరించుకుంటాయి. 1996లో ఈ ఊరిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. గుర్తింపు పలక ప్రభుత్వం పెట్టింది. ఊరిని నిలబెట్టింది మాత్రం ఏటేటా తిరిగొచ్చేవాళ్లే.

విలియానా మళ్లీ కెంటకీ వెళ్లిపోలేదు. నికోడెమస్‌కు పద్నాలుగు మైళ్ల దూరంలో భూమి తీసుకుని, దాదాపు ఇరవై ఏళ్లు సేద్యం చేసుకుంటూ బతికింది. ముగ్గురు కూతుళ్లు ఆ చుట్టుపక్కల బళ్లలో పంతులమ్మలయ్యారు. ప్రార్థనలున్నా, పండగలొచ్చినా అంత దూరమూ ప్రయాణం చేసి నికోడెమస్ చేరేది. ఏ ఊరు కనబడక ఏడ్చిందో ఆ ఊరికే. ఇప్పుడు ఎవరూ వేలుపెట్టి చూపించనక్కర్లేదు.